ఎడమ చెయ్యి జుజుత్సుది

జూడో కోచ్ మజ్జి గవర్రాజు చేసిన తప్పల్లా ఒక్కటే. నిజం రాశాడు. పోనీ ఎక్కడైనా గుట్టుగా రాసుకున్నాడా అంటే అదీ లేదు, జిల్లా క్రీడోత్సవాల సావనీర్లో రాశాడు. సావనీరు అంటే మీకు తెలియంది కాదు. ముందు ఇరవై పేజీలు శుభాకాంక్షలు చెప్పేవాళ్ళ ఫోటోలు, వెనక ఇరవై పేజీలు బట్టల కొట్ల ప్రకటనలు, నడుమ ఖాళీ మిగిలితే పూడ్చడానికి ఒకటో రెండో వ్యాసాలు. వాటిని చదివినవాడు ఇంతవరకూ పుట్టలేదు. ఆ ధైర్యంతోనే గవర్రాజు కలం పట్టాడు.

వ్యాసం పేరు ‘ఓటమి ఒప్పించే పట్లు, వాటి పుట్టుక’. జూడోలో ఎదుటివాణ్ణి పడేశాక నేలమీద ఓటమి ఒప్పించే పట్లు రెండు రకాలు. మోచేతిని వెనక్కి వంచే చేతి పట్టు, గొంతు బిగించే మెడ పట్టు. చిక్కినవాడు ఇక తన వల్ల కాదనుకుంటే అరచేత్తో రెండుసార్లు తడతాడు, తట్టగానే వదిలెయ్యాలి. ఈ పట్లు జూడోవాళ్ళకి ఆకాశం నుంచి ఊడిపడలేదని, జుజుత్సు అనే పాత జపాను విద్య నుంచి వచ్చాయని గవర్రాజు విడమరిచి రాశాడు. జూడో పెట్టిన కానో మాస్టారు కుర్రతనంలో రెండు జుజుత్సు సంప్రదాయాల్లో శిష్యరికం చేశారనీ, ఒకచోట ముఖ్యంగా పట్లూ ఇంకోచోట పడేయడాలూ నేర్చుకున్నారనీ, ప్రాణం మీదికి తెచ్చేవాటిని పోటీల్లోంచి తప్పించి 1882లో తన బడి తెరిచారనీ రాశాడు. ఆ తర్వాత కూడా నేలమీద పోరులో ఆరితేరిన జుజుత్సువాళ్ళ చేతిలో జూడోవాళ్ళు చిత్తుగా ఓడి, ఓడించినవాళ్ళ విద్యనే నేర్చుకున్నారని చెబుతారని కూడా రాశాడు. అక్కడితో ఆగినా బాగుండేది. ఆవేశం ఆగక చివర్లో ఇలా ముగించాడు: ‘జుజుత్సు మా తండ్రి. మా ఇంట్లో ఉన్నదంతా ఆయన పెట్టిందే. నాకు చేతి పట్టు నేర్పింది మా గురువుగారు కర్రి సత్యం నాయుడు. ఆయన పేరు చెప్పకుండా నేను ఏ పట్టూ పట్టను.’

ఇంకేముంది, కొంప మునిగింది.

ఎందుకంటే సరిగ్గా ఆ ఏడాదే ఏలినవారికి మూలాల పిచ్చి పట్టింది. ప్రతి ఆటా ఎక్కణ్ణించి వచ్చిందో తేల్చి, ఏ ఆట సొత్తు ఆ ఆటకి అప్పగించాలని క్రీడా మూలాల పరిరక్షణ మండలి అనేదొకటి వెలిసింది. ఆటస్థలంలో గడ్డి కొయ్యడానికి మనుషులు లేరు గానీ, ఈ మండలికి మాత్రం ప్రత్యేక విభజనాధికారి, ఇద్దరు గుమస్తాలు, ఒక జీపు వచ్చాయి. విభజనాధికారి వేదుల దక్షిణామూర్తి గారు ముప్పయ్యారేళ్ళు రెవెన్యూలో అన్నదమ్ముల పొలాలు పంచి పంచి రిటైరై, చేతులు ఊరుకోక మళ్ళీ కొలువులో చేరిన మహానుభావుడు.

ఇక సావనీరు చదివినవాడు లేడన్నాను కదా, ఒక్కడు దొరికాడు. కంచర్ల భూషణరావు. టౌనులో ఏ సభ జరిగినా ముందు వరసలో కూర్చునే పెద్దమనిషి. సావనీర్లో తన ఫోటో వెతుక్కుంటూ వెతుక్కుంటూ పొరపాటున గవర్రాజు వ్యాసం దగ్గర ఆగాడు. జుజుత్సు అనే మాట జన్మలో మొదటిసారి అక్కడే చూశాడు. వారం తిరక్కుండా జిల్లా జుజుత్సు సంఘం పుట్టింది. ఆయన అధ్యక్షుడు, వాళ్ళావిడ ఉపాధ్యక్షురాలు, బావమరిది కార్యదర్శి. ఆడేవాడు ఒక్కడూ లేడు, లెటర్‌హెడ్ మాత్రం రెండు రంగుల్లో ఉంది. ఆ లెటర్‌హెడ్ మీద, ‘మా పట్లు జూడోవారి అక్రమ స్వాధీనంలో ఉన్నవి, ఇప్పించ ప్రార్థన’ అని రాసి, సోమవారం అర్జీల రోజున వరసలో నిలబడి ఇచ్చి వచ్చాడు. అర్జీ అన్నాక పదిహేను రోజుల్లో పరిష్కరించి తీరాలి. నోటీసు మూడో రోజుకే గవర్రాజు చేతికొచ్చింది.

విచారణకి గవర్రాజు తన శిష్యురాలు సీపాన హైమావతిని వెంటబెట్టుకుని వెళ్ళాడు. ఆ పిల్ల గురించి చెప్పాలి. తండ్రి గోనె సంచుల మిల్లులో కూలీ. ఇరవయ్యేళ్ళు నిండాయి, జూనియర్లలో ఆడటానికి ఇదే ఆఖరి ఏడాది. వచ్చే నెల పదిహేడున రాష్ట్ర పోటీల్లో మొదటి స్థానం వస్తే జాతీయ శిబిరానికి వెళ్తుంది. రాకపోతే మిల్లులో ఆమె కోసం కుట్టు మిషను ఒకటి ఖాళీగా ఉంచారు. పుట్టుకతోనే ఎడమచేతి వాటం. నాయనమ్మ ఎన్ని మొట్టికాయలు వేసినా అది మారలేదు. అందుకేనేమో, ప్రత్యర్థి ఎడమ చెయ్యి గనక ఆమెకి చిక్కిందా, ఇక వదిలించుకోవడం ఎవరి తరమూ కాదు. పదేళ్ళు కూర్చుని గవర్రాజు ఆమెకి నేర్పింది ఆ పట్టే.

దక్షిణామూర్తి గారు సావనీరు తెరిచి, కళ్ళజోడు సర్దుకున్నారు. “ఇరవై మూడవ పుట, ఆఖరి పేరా. ‘జుజుత్సు మా తండ్రి, మా ఇంట్లో ఉన్నదంతా ఆయన పెట్టిందే.’ ఇది తమరు స్వబుద్ధితో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా ఇచ్చిన వాంగ్మూలమేనా?”

“వాంగ్మూలం కాదండి, వ్యాసమండి.”

“వాంగ్మూలాన్ని ఉపసంహరించుకోవచ్చు. అచ్చయిన వ్యాసాన్ని ఉపసంహరించుకోవడానికి నిబంధన లేదు. సరే, జుజుత్సు వారి నుండి సదరు పట్లు తమకు ఎట్లు సంక్రమించినవి? దానమా, విక్రయమా, కౌలా?”

“శిష్యరికమండి.”

గుమస్తా రాసుకుంటూ తలెత్తాడు. “ఏ స్టాంపు పేపరు మీదండీ?”

గవర్రాజుకి నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాడు. “అయ్యా, నేర్చుకోడం అంటే ఎత్తుకుపోడం కాదండి. గురువు శిష్యుడికి చెప్తే గురువు దగ్గర తరిగిపోదు కదండీ. ఇద్దరి దగ్గరా నిండుగానే ఉంటాది.”

“ఒకే ఆస్తి ఇద్దరి దగ్గరా నిండుగా ఉండుటయా?” దక్షిణామూర్తి గారు జాలిగా చూశారు. “నా సర్వీసులో ఒకే సర్వే నంబరు ఇద్దరి పేర్న నిండుగా ఉన్న కేసులు నలభై చూశాను. నలభైలోనూ మోసమే.”

భూషణరావు గొంతు సవరించుకున్నాడు. “మా తాతల నాటి పట్లండి అవి. మమకారం ఉండదా మరి?”

“ఏ పట్టండి బావూ, పేరు సెప్పండి ఒక్కటి?” అని హైమ అడిగేసింది.

“అన్నీను,” అన్నాడు భూషణరావు గంభీరంగా.

పడేయడాల సంగతేమిటని అధికారి అడిగారు. అవి కూడా చాలావరకు జుజుత్సు నుంచే వచ్చాయని చెప్పడానికి గవర్రాజు నోరు తెరిచాడు. నిజాయితీ అనేది అలవాటైతే అంత తేలిగ్గా పోదు. హైమ బల్ల కింద ఆయన కాలు తొక్కింది. “అవి మా సొంతమండి,” అంది. “స్వార్జితం,” అని గుమస్తా రాసుకున్నాడు.

తండ్రి ఆస్తి అంటున్నారు గనుక వారసత్వ ధ్రువపత్రం తెస్తే పరిశీలిస్తామన్నారు దక్షిణామూర్తి గారు. గవర్రాజు మర్నాడే తహసీల్దారు ఆఫీసుకి పరుగెత్తాడు. అక్కడి అమ్మగారు కంప్యూటర్ ముందు కూర్చుని, వివరాలు చెప్పమంది.

“చనిపోయినవారి పేరు?”

“జుజుత్సు అండి. చనిపోలేదండి.”

“చనిపోలేదా? మరి వారసుడినని ఎలా వస్తారండీ? మరణ తేదీ వెయ్యకపోతే ఇది ముందుకే వెళ్ళదు.”

“పోనీ, నాలుగైదు వందల ఏళ్ళ వయసుంటాదండి. బతికున్నా లేనట్టేనండి మన జిల్లాలో.”

“నాలుగు వందల ఏళ్ళా?” ఆమె చెయ్యి ఆపేసింది. “అయితే ముందు ఆయన పింఛను ఎవరు తీసుకుంటున్నారో తేలాలి. రేపు రండి.”

గవర్రాజు రేపు వెళ్ళలేదు. వెళ్ళక్కర్లేకుండానే తీర్పు వచ్చేసింది. జుజుత్సు సజీవంగా ఉన్నట్టు రెండు రంగుల లెటర్‌హెడ్ రుజువు చేస్తున్నదనీ, తండ్రి సజీవుడై ఉండగా వారసత్వం లేదనీ, పంపకం మాత్రమే కలదనీ పదకొండు పేజీల్లో రాశారు. పంపకం ఇలా జరిగింది. మనిషికి చేతులు రెండు గనుక కుడి చేతి మీద పట్టే పట్లు జూడోకి, ఎడమ చేతి మీద పట్టేవి జుజుత్సుకి. మెడ ఒక్కటే గనుక కాలవ నీళ్ళకి మల్లే వంతులు వేశారు: సరి తేదీల్లో మెడ జూడోది, బేసి తేదీల్లో జుజుత్సుది. ఓటమి ఒప్పుకుంటూ తట్టడం అనేది ఎవరి ఆస్తో ఆధారాలు దొరకనందున యథాతథ స్థితి, అంటే తేలేదాకా ఎవ్వరూ తట్టరాదు. దీన్ని మీరితే ఆ క్రీడాకారుల విజయం రద్దు.

వ్యాయామశాలలో మ్యాట్ మీద కూర్చుని ఇద్దరూ ఆ పదకొండు పేజీలూ చదివారు. హైమ వేళ్ళ మీద లెక్కపెట్టింది.

“పదిహేడు బేసే కదండి మాస్టారూ?”

“బేసేనమ్మా.”

“అంటే మెడ నేదు, ఎడం సెయ్యి నేదు. ఇంక నాకాడ ఏటుందండి?” అని ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కాలు బెణికిన నాడు కూడా ఏడవని పిల్ల. “ఆ పుస్తకంలో అదంతా ఎందుకు రాసినారండి? ఎవులడిగినారు మిమ్మల్ని?”

గవర్రాజుకి ప్రాణం చివుక్కుమంది. ఓడిపోయినవాడు కూడా గెలిచినవాడి పేరు గౌరవంగా చెప్పాలని ఆ పిల్లకి నేర్పింది తనే. ఇప్పుడు ఆ నేర్పిన పాపానికే ఆమె మిల్లుకి పోయేలా ఉంది. పదకొండో పేజీ అడుగున చిన్నక్షరాల్లో ఒక వాక్యం మాత్రం దొరికింది: ‘అవతలి సంఘం వారి నిరభ్యంతర పత్రం ఉన్నచో సదరు పట్టును వాడుకొనవచ్చును.’

వెంటనే భూషణరావు ఇంటికి వెళ్ళాడు. భూషణరావు కాఫీ ఇప్పించి, సోఫాలో కూర్చోబెట్టి, తీరిగ్గా విన్నాడు.

“ఏటి గవర్రాజూ, కష్టపడి గెలుచుకున్న చెయ్యి, నిన్న వచ్చింది, ఇవాళ నీకిచ్చేస్తే జనం నవ్వరా? జనరల్ బాడీలో పెట్టాలి.”

“జనరల్ బాడీ అంటే మీరు, మీ ఆవిడగారు, మీ బావమరిది కదా. ముగ్గురూ ఇంట్లోనే ఉన్నారు కదండీ.”

“ఉంటే? నోటీసు ఇరవై ఒక్క రోజులు.”

పోటీలు పద్దెనిమిది రోజుల్లో ఉన్నాయి. గవర్రాజు బతిమాలాడు, గడ్డం పట్టుకున్నాడు. భూషణరావు కరగలేదు. కరగకపోగా, ఆ ఎడమచేతి పట్టు చూడ్డానికి ఎలా ఉంటుందని అడిగాడు, పేపర్లో ఫోటో వేయించాలట. అప్పుడు గవర్రాజుకి తట్టింది. “పట్టు మీకు ఇంకా స్వాధీనం కాలేదండీ,” అన్నాడు నెమ్మదిగా. “కాగితం మీద రాస్తే సరిపోద్దా? స్వాధీనం అయితేనే ఫోటో.”

భూషణరావు ఆ పూటే మండలి ఆఫీసుకి పరుగెత్తాడు. స్వాధీనం అనే మాట వినగానే దక్షిణామూర్తి గారికి పాత రోజులు గుర్తొచ్చి ముఖం వెలిగిపోయింది. స్వాధీనపరచకుండా పంపకం పూర్తి కాదని మెచ్చుకుని, ముహూర్తం పెట్టారు. ఆ రోజు ఉదయం పదిగంటలకి వ్యాయామశాలకి జీపు వచ్చింది, గుమస్తా వచ్చాడు, పత్రికల ఫోటోగ్రాఫరు వచ్చాడు. భూషణరావు ఇస్త్రీ మడత నలగని తెల్లబట్టల్లో, మెళ్ళో కండువాతో దిగాడు. చేతి పట్టును స్వాధీనం చేసుకోవాలంటే చెయ్యి ఇవ్వాలి గనుక, జుజుత్సు సంఘంలో చేతులున్న ముగ్గురిలో అధ్యక్షులవారిదే శ్రేష్ఠమని తీర్మానించారు.

“పడుకోండి బావూ, భయం నేదు,” అంది హైమ.

ఆయన మ్యాట్ మీద వెల్లకిలా పడుకుని, ఫోటోగ్రాఫరు వైపు తిరిగి చిరునవ్వు నవ్వాడు. హైమ పక్కన కూర్చుని, ఆయన ఎడమ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని, రెండు కాళ్ళూ ఛాతీ మీంచి అడ్డంగా వేసి వెనక్కి వాలింది. చిరునవ్వు ఫోటోలో పడిందో లేదో గానీ ఆయన ముఖంలోంచి మాత్రం పోయింది.

దక్షిణామూర్తి గారు పంచనామా చదవడం మొదలుపెట్టారు. “చతుస్సరిహద్దులు. తూర్పు: సదరు భూషణరావు గారి మణికట్టు. పడమర: వారి భుజము. ఉత్తరం: కుమారి హైమావతి గారి కుడి కాలు. దక్షిణం: కుమారి హైమావతి గారి ఎడమ కాలు. వీటి మధ్య గల మోచెయ్యి…”

భూషణరావు కుడి అరచేత్తో మ్యాట్ మీద టపటపా తట్టాడు.

“అదేమి?” అన్నారు అధికారి, చదవడం ఆపి.

“ఓటమి ఒప్పుకుంటున్నారండి. వదిలెయ్యాలి,” అన్నాడు గవర్రాజు.

“తట్టుట మీద యథాతథ స్థితి ఉన్నది. తీర్పులో తొమ్మిదవ పేజీ చూసుకోండి. తట్టినట్టు నేను గుర్తించలేను. పంచనామా ముగియకుండా విడిస్తే స్వాధీనం చెల్లదు.”

హైమ గవర్రాజు వైపు చూసింది. గవర్రాజు బొటనవేలూ చూపుడువేలూ దగ్గరగా పెట్టి సైగ చేశాడు. ఆమె బెత్తెడు సడలించింది. నొప్పి పోయింది, పట్టు మిగిలింది. కానీ నొప్పి పోయిన సంగతి భూషణరావు గమనించే స్థితిలో లేడు.

“ఎన్ని పేజీలు సారూ?” అన్నాడు కీచుగొంతుతో.

“ఆరు. ఆ తర్వాత తెలుగు నకలు, ఇంగ్లీషు నకలు.”

“గవర్రాజూ! నాయనా! ఆ నిరభ్యంతరం కాగితం తెచ్చావా?”

గవర్రాజు జేబులోనే ఉంది. కలం కూడా. భూషణరావు కుడి చెయ్యి ఖాళీగానే ఉంది, అది జూడోవాళ్ళ వాటా. సంతకం పెట్టబోతుంటే దక్షిణామూర్తి గారు చెయ్యెత్తి ఆపారు.

“ఒక్క క్షణం. ఇప్పుడు పట్టు మీ మీద ఉన్నది గనుక మీ స్వాధీనంలో ఉన్నట్టే, ఇచ్చే అధికారం మీకు కలదు. అయితే బలవంతపు సంతకం చెల్లదు. ఇది తమరు ఇష్టపూర్వకంగా, ఎటువంటి ఒత్తిడీ లేకుండా పెడుతున్నారా?”

“మహా ఇష్టంగా సారూ! చిన్నప్పట్నుంచీ ఇష్టం!”

“జనరల్ బాడీ ఆమోదం?”

“ఆమోదం! ముగ్గురి తరఫునా నేనే ఆమోదం!”

సంతకం పడింది. సంతోషించి దక్షిణామూర్తి గారు మిగిలిన నాలుగు పేజీలూ చదివి ముగించారు. మర్నాడు పేపర్లో ‘ఎడమ చెయ్యి స్వాధీనం చేసుకున్న జుజుత్సు సంఘం’ అని ఫోటో పడింది. భూషణరావు ఆ కటింగు మాత్రం ఫ్రేము కట్టించుకోలేదట.

పదిహేడో తారీఖున రాష్ట్ర పోటీల ఫైనల్లో హైమ మొదటి నిమిషంలోనే పడిపోయి సగం పాయింటు పోగొట్టుకుంది. ఇద్దరూ నేలమీద కలబడ్డారు. ప్రత్యర్థి మెడ రెండుసార్లు చేతికి అందింది. రెండుసార్లూ హైమ తేదీ గుర్తు తెచ్చుకుని వదిలేసింది. బేసి తేదీ కదా, మెడ జుజుత్సువాళ్ళది. మూడోసారి అవతలి పిల్ల లేవబోతూ ఎడమ చెయ్యి నేలకానించింది. అంతే. కన్ను మూసి తెరిచేలోగా హైమ వెనక్కి వాలిపోయింది. అవతలి పిల్ల రెండుసార్లు తట్టింది. అదృష్టవశాత్తూ రిఫరీ వేరే జిల్లా వాడు, తట్టడం ఆపేశారన్న ఉత్తర్వు వాళ్ళకింకా చేరలేదు. హైమ గెలిచింది.

గవర్రాజు నలుగురిలో ఉన్నానని కూడా మర్చిపోయి ఏడ్చేశాడు.

పతకం మెళ్ళో పడకముందే మండలి బల్ల దగ్గరికి పిలుపొచ్చింది. దక్షిణామూర్తి గారు స్వయంగా అక్కడే కూర్చుని ఉన్నారు. నిరభ్యంతర పత్రం అటూ ఇటూ తిప్పి చూసి, సంతృప్తిపడి, కొత్త ఫారం ఒకటి తీశారు. విజేతలు తప్పనిసరిగా నింపాలి. తొమ్మిదో గడి: ‘గెలుపొందిన పట్టు ఎవరి వద్ద నేర్చుకొనిరి? పేరు, చిరునామా.’

“అందులో పేరు రాస్తే ఏటవుద్దండి?” అని అడిగింది హైమ.

“ఏమీ కాదమ్మా. సదరు వ్యక్తికి నోటీసు ఇచ్చి, ఆయనకు ఎక్కడిది, ఎట్లు సంక్రమించినది అని విచారిస్తాము. తేలిన పిదప పంచుతాము. అంతవరకు పతకం మండలి భద్రతలో ఉండును.”

హైమ కలం పట్టుకుని తలెత్తింది. గవర్రాజు బల్లకి రెండడుగుల దూరంలోనే ఉన్నాడు, చేతిలో ఆమె తువ్వాలు పట్టుకుని. పదేళ్ళ నుంచి పొద్దున్నే ఐదింటికి తలుపు తీసిన మనిషి. గురువు పేరు చెప్పకుండా పట్టు పట్టనని అచ్చులో రాసుకున్న మనిషి. ఆమె ఏం రాయబోతోందో ఆయనకి అర్థమైంది. వద్దనలేదు.

“ఎవులికాడా నేర్సుకోనేదండి,” అంది హైమ. “నాకే వచ్చినాది.”

“ఈయన ఎవరు మరి?”

“ఎవులోనండి. తువ్వాలు ఇస్తారు.”

“స్వార్జితం,” అన్నారు దక్షిణామూర్తి గారు మెచ్చుకోలుగా, ముద్ర వేస్తూ. “ఇటువంటి నిర్దుష్టమైన మూలం నా విచారణలో ఇదే ప్రథమం.”

గవర్రాజు ముందుకొచ్చి తువ్వాలు ఇచ్చాడు. హైమ దాన్ని రెండు చేతులతో అందుకుని, మ్యాట్ మీద వంగినట్టే నడుం దాకా వంగి, చాలాసేపటి వరకు తలెత్తలేదు.